పెట్టుబడి మూలమున పరదేశ నివాసము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

పెట్టుబడి మూలమున పరదేశమునందు శాశ్వత నివాసాధికారమును సంపాదించుటను గూర్చి ఈ సభయందు ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. వారి యాదరమునకు కృతజ్ఞుడను. విద్యార్థి వసతిగృహము, బీదవిద్యార్థులకు వేతనములు, వివాహవ్యయముల తగ్గింపు మున్నగునవి మన మహాసభలకు పరిపాటి విషయములు. వాని నడుమ అమెరికా వీసాను గూర్చిన యుపన్యాసమేల యని కొందరికి దోపవచ్చును. కాని నేడు మన యిండ్లలో పొలము నమ్ముటా, నిలుపుకొనుటా యను తర్జనభర్జన జరుగుచున్న తావులను పరికించినచో, పలుచోట్ల ఈ ప్రశ్నయే దాగియుండును. తరతరములుగా వచ్చిన భూమి ఒక సంతకముతో చేయిదాటిపోవు విషయము సంఘమునకు బట్టని విషయము కాజాలదు.

మనవారు సముద్రము దాటుట క్రొత్త గాదు. కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలకొలది తెలుగువారు రంగూనునకు బోయిరి. ఒప్పందపు కూలీలై మారిషసునకును, దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, ఫిజీ దీవులకును బోయినవారును గలరు. 1965లో అమెరికా తన వలసచట్టమును సడలించిన పిమ్మట మన వైద్యులును, ఇంజనీర్లును ఆ దేశమునకు దారితీసిరి. మొదటివారు కాయకష్టమును, రెండవవారు విద్యను మూటగట్టుకొని పోయిరి. ఇప్పుడు మూడవ మూట బయలుదేరినది. అది ధనము. కష్టమును, విద్యను ఎవరును దొంగిలింపలేరు. ధనమన్ననో అట్టిది కాదు. 1942లో యుద్ధకాలమున బర్మానుండి కాలినడకను తిరిగివచ్చిన మనవారు తాము కూడబెట్టినదంతయు నచ్చటనే విడిచివచ్చిరి. పరదేశమున బెట్టిన సొమ్మునకు ఆ దేశపు చట్టమును, కాలమును దప్ప వేరు కాపు లేదని ఆనాడే మనకు దెలిసినది.

ఈ మార్గముపై మనవారికి నింత మక్కువ యేల కలిగినదో మొదట విచారింతము. అమెరికాలో హెచ్-1బి వీసాపై ఉద్యోగము చేయు యువకుడు శాశ్వత నివాసమునకు అర్జీ పెట్టుకొన్నచో, ఏ యొక్క దేశమువారికిని ఏటా మొత్తములో నూటికి ఏడు పాళ్లకు మించి యీయరాదను నియమము అడ్డుపడుచున్నది. చిన్న దేశమునకును, మన దేశమునకును అదే కొలత. అందువలన భారతీయుల వరుస పదేండ్లకు మించి సాగియున్నది. ఈలోగా వెంట వచ్చిన పిల్లలకు 21 సంవత్సరములు నిండినచో, వారు తల్లిదండ్రుల యర్జీనుండి జారిపోవుదురు. ఉద్యోగము పోయినచో స్వల్పకాలములోనే దేశము విడువవలసివచ్చును. ఇట్టి స్థితిలో "ధనము పెట్టినచో వేరొక వరుస యున్నది" అని యెవరైన జెప్పినప్పుడు, అక్కడి కుమారుడు ఇక్కడి తండ్రికి ఫోను చేయుట సహజమే. తండ్రి పాసుపుస్తకము వెదకుటయు సహజమే.

ఆ వరుసకు ఇ.బి.-5 అని పేరు. 1990లో అమెరికా కాంగ్రెసు చేసిన వలసచట్టమున నిది పుట్టినది. ఏటా సుమారు పదివేల వీసాలు దీనికి గేటాయింపబడినవి. భార్యాపిల్లలును ఈ లెక్కలోనే చేరుదురు. నేటి చట్టము ప్రకారము పెట్టుబడి 10,50,000 డాలరులు. గ్రామీణ ప్రాంతముననో, నిరుద్యోగ మధికముగా నున్న ప్రాంతముననో, ప్రభుత్వపు మూలసౌకర్య నిర్మాణముననో పెట్టినచో 8,00,000 డాలరులు. రూపాయలలో నీ చిన్న మొత్తమే ఏడుకోట్లకు పైమాట. ఇదిగాక న్యాయవాది రుసుమును, ప్రభుత్వ రుసుమును, నిర్వాహకుల రుసుమును వేరు. 2027 జనవరినుండి ఐదేండ్ల కొకమారు ఈ మొత్తములను ధరలనుబట్టి సవరింపవలెనని చట్టములోనే వ్రాయబడియున్నది.

ఈ సొమ్ము వీసాకు వెల గాదు. ఇదియే నేను ముఖ్యముగా మనవిచేయదలచిన సంగతి. చట్టము కోరునది మూడు. మొదటిది, ఆ ధనము న్యాయముగా నార్జించినదై యుండవలెను. రెండవది, ఆ ధనము నిజముగా నష్టభయమునకు లోనై యుండవలెను. మూడవది, దానివలన కనీసము పదిమందికి పూర్తికాలపు ఉద్యోగములు కలుగవలెను. ఆ పదిమందిలో పెట్టుబడిదారుడు గాని, అతని భార్యాపిల్లలు గాని చేరరు. ఇవి నెరవేరునను నమ్మకముపై మొదట రెండేండ్లకు షరతుతో గూడిన నివాసము నిత్తురు. ఆ రెండేండ్లు నిండుటకు ముందు 90 దినములలో మరల నర్జీ పెట్టి, ధనము నిలిచినదనియు, ఉద్యోగములు కలిగినవనియు ఋజువు చేసినగాని షరతు తొలగదు.

రెండవ నియమమును మరల జూడుడు. పెట్టుబడిపెట్టినవానికి అసలు తప్పక తిరిగి యిచ్చెదమని కంపెనీ ముందుగా పత్రము వ్రాసి యిచ్చినచో, అది పెట్టుబడి గాదు, అప్పు అని అమెరికా ప్రభుత్వము భావించును. అర్జీ నిలువదు. కావున "మీ సొమ్మునకు పూచీ, మీ కార్డునకును పూచీ" అని చెప్పువాడు రెండింటిలో నొక్కదానియందైన నసత్యమాడుచున్నాడు. చట్టము తెలియనివాడైనను గావలెను, తెలిసి దాచువాడైనను గావలెను. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో, మన గడప ద్రొక్కు దళారులలో పలువురిని మనము గుమ్మములోనే యెరుగగలము.

సాధారణముగా ఎవరికివారు వ్యాపారము పెట్టక, రీజినల్ సెంటర్లు అను సంస్థలద్వారా పలువురు కలసి హోటలులందును, గృహసముదాయములందును పెట్టుబడి పెట్టుదురు. ఈ పద్ధతి 1992లో నేర్పడినది. ఇందు పరోక్షముగా కలిగిన ఉద్యోగములను గూడ లెక్కింతురు గనుక సౌలభ్యమున్నది. అపాయమును ఇచ్చటనే యున్నది. వెర్మాంటు రాష్ట్రములో జే పీక్ అను మంచుకొండవద్ద క్రీడావిహారములకును, న్యూపోర్టు పట్టణములో జీవవైద్య కర్మాగారమునకును అనేక దేశములవారినుండి ముప్పదియైదు కోట్ల డాలరులకు పైగా సేకరించిరి. ఇందు ఇరువదికోట్లకు పైగా దుర్వినియోగమైనదని 2016 ఏప్రిలులో అమెరికా సెక్యూరిటీల సంఘము న్యాయస్థానమున వ్యాజ్యము వేసినది. కర్మాగారము లేవనేలేదు. నిర్వాహకులకు 2022లో కారాగారశిక్షలు పడినవి. గమనింపదగినదేమనగా, అచ్చటి రీజినల్ సెంటరును నడిపినది ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖయే. ప్రభుత్వపు పేరు సహితము పెట్టుబడిదారులను రక్షింపలేకపోయినది.

దీనికి భిన్నమైన కథ చికాగోలో జరిగినది. హోటలులతో గూడిన సమావేశ మందిరము గట్టెదమని చెప్పి చైనాదేశీయులైన రెండువందల యేబదిమందికి పైగా పెట్టుబడిదారులనుండి ధనము సేకరించిరి. 2013 ఫిబ్రవరిలో అదే సంఘము వ్యాజ్యము వేసి ధనమును స్తంభింపజేసినది. పెట్టుబడి సొమ్ము పదునాల్గున్నర కోట్ల డాలరులు మధ్యస్థుల ఖాతాలో నుండుటచే తిరిగివచ్చినది. రుసుముల పేర వసూలుచేసిన కోటిపదిలక్షల డాలరులలో చాల భాగ మప్పటికే ఖర్చయినది. ధనము ఎవరి చేతిలో నున్నది, ఏ షరతుపై విడుదలయగును అను రెండు ప్రశ్నలకు గల విలువ నీ కథ చెప్పుచున్నది.

ఇట్టి యన్యాయములకు విరుగుడుగా 2022 మార్చి 15న సంస్కరణచట్టము వచ్చినది. ధనమును స్వతంత్రుడైన పర్యవేక్షకుడైనను చూడవలెను, లేదా ఏటేట లెక్కల తనిఖీయైనను జరుగవలెను. పెట్టుబడులు కుదుర్చు దళారులు ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. వారికి ముట్టు రుసుమెంతో పెట్టుబడిదారునకు వ్రాతమూలకముగా దెలుపవలెను. వీసాలలో నూటికి 20 గ్రామీణ ప్రాంతములకు, 10 నిరుద్యోగ ప్రాంతములకు, 2 మూలసౌకర్యములకు ప్రత్యేకింపబడినవి. సాధారణ విభాగమున భారతీయులకు వరుస యేర్పడియున్నది గనుక, అమెరికా విదేశాంగశాఖ నెలనెల ప్రకటించు వీసా పట్టికను స్వయముగా జూచి యడుగువేయవలెను. రీజినల్ సెంటర్ల పద్ధతికి 2027 సెప్టెంబరు 30 వరకే గడువు. 2026 సెప్టెంబరు 30 లోపల వేసిన అర్జీలకు మాత్రము ఆ పిమ్మట పద్ధతి యాగిపోయినను రక్షణ కలదు. ఈ తేదీని జూపి తొందరపెట్టు దళారులు గలరు. తేదీ నిజమే. అయినను తొందర వారి యవసరము, విచారణ మన యవసరము.

ఇక ధనము న్యాయార్జితమై యుండవలెనను మొదటి నియమము మన ప్రాంతమువారికి ప్రత్యేకముగా గట్టిది. మన పొలముల క్రయములలో దస్తావేజులో వ్రాయు ధర యొకటి, చేతులు మారు ధర వేరొకటి యగుట అందరెరిగినదే. దస్తావేజులో నెక్కని సొమ్ము ఎంత న్యాయముగా సంక్రమించిన పొలముదైనను, అమెరికా యధికారి యెదుట లేనట్టిదే. ఏడు సంవత్సరముల ఆదాయపుపన్ను పత్రములు, రిజిస్టరు దస్తావేజులు, పాసుపుస్తకములు, భాగపరిష్కార పత్రములు, బ్యాంకు ఖాతాలు ఒక గొలుసువలె సరిపోవలెను. మామగారు బహుమానముగా నిచ్చినచో, ఆయనకా ధనమెట్లు వచ్చినదో కూడ జూపవలెను. గొలుసులో నొక్క కడియము తెగినను అర్జీ తెగును.

మన దేశపు నియమములును గలవు. రిజర్వుబ్యాంకు ఉదారీకృత ప్రేషణ పథకము ప్రకారము ఒక్కొక్కరు ఒక ఆర్థికసంవత్సరములో 2,50,000 డాలరులకు మించి పంపరాదు. ఇట్టి పెట్టుబడికై బ్యాంకు మనకు అప్పు నీయరాదు. పదిలక్షల రూపాయలు దాటిన పెట్టుబడి ప్రేషణపై నూటికి ఇరువది పన్నుగా ముందుగనే వసూలగును. అది పిమ్మట ఆదాయపుపన్నులో సర్దుబాటగును గాని, ఆ నాటికి చేతిలో నుండవలసిన సొమ్మే గదా! హవాలా దారిని సూచించువానిని నమ్మినచో రెండు దేశముల చట్టములకును చిక్కుదుము.

కార్డు చేతికి వచ్చిన పిమ్మటి సంగతి మనవారు తరచుగా నడుగరు. శాశ్వత నివాసి యైనవాడు ప్రపంచములో నెచ్చట నార్జించినదానినైనను అమెరికాకు లెక్క చెప్పవలెను. గుంటూరులో వచ్చు అద్దెయు, వరంగల్లులో వచ్చు వడ్డీయు ఇందు జేరును. ముందుగా ననుమతి లేక ఏడాదికి మించి వెలుపల నున్నచో కార్డు చెల్లకపోవచ్చును. కావున తండ్రి తనపేర కార్డు దీసికొని ఊరిలోనే యుండదలచినచో అది కుదురదు. ప్రవాసియైనవాడు తనకున్న సాగుభూమిని నిలుపుకొనవచ్చును, వారసత్వముగా బొందవచ్చును. క్రొత్తగా కొనుటకు మాత్రము మన చట్టము సమ్మతింపదు. అనగా, నేడమ్మిన పొలమును అమెరికాలో స్థిరపడిన కుమారుడు రేపు తిరిగి కొనలేడు.

తక్కిన దేశముల ద్వారములును స్థిరములు గావు. కెనడా 1986లో తెరచిన పెట్టుబడి ద్వారమును 2014లో మూసి, వరుసలో నున్న అర్జీలను గూడ రద్దుచేసినది. బ్రిటను 2022 ఫిబ్రవరిలో, ఐర్లండు 2023 ఫిబ్రవరిలో, స్పెయిను 2025 ఏప్రిలులో తమ తమ పద్ధతులను నిలిపివేసినవి. గృహముల వెలలు పెరిగినవనియో, అక్రమధనము చేరుననియో కొన్ని దేశములలో ఆందోళన కలుగుటయు ఇందులకు కారణము.

ఇన్ని చెప్పుటచే ఈ మార్గమును బోవలదని నా యభిప్రాయము గాదు. మిగులు ధనమున్నవారు, ఆ ధనము పోయినను కుటుంబము నిలువగలవారు, పత్రములు సక్రమముగా నున్నవారు నిశ్చయముగా బోవచ్చును. అమెరికాలో సక్రమముగా నున్న మన పిల్లలు, వీసా సంఖ్య అందుబాటులో నున్నప్పుడు, పెట్టుబడి యర్జీతోపాటే నివాసపు టర్జీయు నీయవచ్చునని 2022 చట్టము వీలు కల్పించినది. ఉద్యోగమునకు గట్టుబడక బ్రతుకవచ్చును. ఇది చిన్న మేలు గాదు. ఉన్న ఒక్క చెక్కను, ఆడపిల్లల వాటాను, వృద్ధాప్యపు టాధారమును నమ్మి దీనిలో బెట్టుట మాత్రము తగదు.

తుదకు సంఘమునకు నా విన్నపము. మన కులమువాడనియు, మన సభకు విరాళమిచ్చినవాడనియు నమ్మి సంతకము చేయుట మనలో గలదు. బాంధవ్యము ప్రేమకు కారణము కావలెను, పత్రమునకు బదులు కాగూడదు. మహాసభ సంచికలో ప్రకటన వేసికొన్న సంస్థకు సంఘము పూచీ యున్నట్లు పల్లెలలోని మనవారు తలచుచుందురు. కావున ఇట్టి పెట్టుబడుల ప్రకటనల క్రింద "దీనిని సంఘము విచారింపలేదు" అని యచ్చు వేయవలెననియు, మనలోని న్యాయవాదులు, ఆడిటర్లు, పరదేశమున నున్న పెద్దలు కలసి యొక సలహాసంఘముగా నేర్పడి, అడిగినవారికి రుసుము లేక పత్రములు చదివి చెప్పవలెననియు ప్రతిపాదించుచున్నాను. ఆ సంఘములోని వారెవ్వరును ఏ దళారివద్దను ప్రతిఫలము పుచ్చుకొనరాదు.

వసతిగృహము గట్టి మన పెద్దలు పిల్లలకు విద్య యను తరుగని మూట నిచ్చిరి. ఆ పిల్లల పిల్లలు దేశాంతరమున నిలువ గోరుచున్న యీ కాలమున, వారి తల్లిదండ్రుల భూమి వంచకుల పాలు గాకుండ కాచుట మన వంతు. పోషకులును, సభ్యులును ఈ ప్రతిపాదనను ఆమోదింతురని నమ్ముచున్నాను.