తూము ఎవరి చేతిలో నున్నది?

(కార్వేటినగరము పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



ఊరిచెరువు అందరిదే. కాని తూము తలుపు ఒక్కని చేతిలో నున్నయెడల ఆ మాటకు అర్థమేమి? సోర్సు కోడును లోకమునకు విప్పి, చదువుటకును మార్చుటకును పంచుకొనుటకును హక్కిచ్చు ఓపెన్ సోర్సు సాఫ్టువేరు నేడు ఈ స్థితిలోనే యున్నది.

1998 నాటి ఓపెన్ సోర్సు నిర్వచనము, లైసెన్సు ఏ వ్యక్తిపట్లను ఏ వర్గముపట్లను భేదము చూపరాదని విధించినది. న్యాయవాదులము గనుక ఆ విధిని మేము మెచ్చుకొందుము. న్యాయవాదులము గనుకనే దాని హద్దును గూడ చూచుచున్నాము. లైసెన్సు రచయిత యొసగిన వాగ్దానము. ఆ రచనను దాచిన గిడ్డంగి యే దేశమున నున్నదో, ఆ దేశపు శాసనము ఈ వాగ్దానమునకు లోబడదు.

అట్టి గిడ్డంగులలో మిక్కిలి పెద్దది అమెరికాలోని గిట్‌హబ్. 2019 జూలైలో, తన ప్రభుత్వపు ఆంక్షల ననుసరించి, అది ఇరాను, సిరియా, క్రిమియా వాసుల ఖాతాలను నిర్బంధించినది. బహిరంగముగా నుంచిన కోడు అందుబాటులోనే యుండెను. సొంతముగా దాచుకొన్నదానికి తలుపులు మూతపడెను. ఆ యువకుల నేరమెల్ల వారు నివసించు చోటు! 2021 జనవరిలో ఇరానువారికి తలుపులు మరల తెరువబడినవి. అందులకు అమెరికా ప్రభుత్వపు అనుమతిపత్రము కావలసి వచ్చినది.

2024 అక్టోబరులో లినక్సు కెర్నెల్ నిర్వాహకుల పట్టికనుండి రష్యాతో సంబంధముగల పదిమందికి పైగా పేర్లు కొట్టివేయబడెను. మొదట చెప్పిన కారణము రెండుమూడు పొడిమాటలు మాత్రమే. ఆంక్షలకు గురియైన సంస్థల యుద్యోగులకే యిది వర్తించునని పిమ్మట వివరించిరి. పొరుగుదేశముపై దండెత్తుటను మేము సమర్థింపము. అయినను, నోటీసు లేక, జవాబు చెప్పుకొను నవకాశము లేక పేరు కొట్టివేయుట మన చిన్నకోర్టులో నైనను చెల్లునా?

ఇది మనకు పరాయిగోడు కాదు. పొరుగున తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటను తలచుకొనుడు. 1992లో అమెరికా మన ఇస్రోపై ఆంక్షలు విధించినది. మరుసటి యేడు రష్యా క్రయోజనిక్ విద్య నిచ్చుటకు వెనుదీసినది. సొంత క్రయోజనిక్ యంత్రముతో మన రాకెట్టు తొలిసారి విజయవంతముగా ఎగిరినది 2014 జనవరి 5న!

రాకెట్టు విద్య తాళము వేసిన పెట్టెలోనిది. సోర్సు కోడో, నేడు మన యెదుట విప్పియే యున్నది. గిట్ అను పనిముట్టుతో దింపుకొన్న ప్రతి పూర్తినకలునందును కోడు చరిత్ర యావత్తు నుండును. లోపముల ఫిర్యాదులును చర్చలును మాత్రము ఆ నకలుతో రావు. వానిని వేరుగ భద్రపరుపవలెను. ఇందులకు వలసినది ఒక సర్వరు, శ్రద్ధగల యిద్దరు విద్యార్థులు. చిత్తూరు, తిరుపతి కళాశాలల యధ్యక్షులకు ఈ విషయమై మహజరు పంపుదమని మేము ప్రతిపాదించుచున్నాము. సంతకములకు కాగితము బల్లమీద నున్నది.