పొలిమేర దాటిన మతం



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ మాస్టారి దగ్గరే నేను సామాజిక శాస్త్రం చదువుకున్నాను. జవాబు పత్రంలో ఏ మాటనైనా అర్థం విడమరచకుండా వాడితే దాని కింద ఎర్రసిరాతో గీత గీసేవారు. అందుకే నేనూ ఒక మాటతోనే మొదలుపెడతాను.

ఫండమెంటలిజాన్ని మనం ఛాందసవాదం అంటున్నాం. ఛందస్సు అంటే వేదం, వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. వాడుకలో అది లోకం పోకడ తెలియని పాతకాలపు మనిషికి పేరైంది. మడి కట్టుకుని, పంచాంగం చూసుకుని, ఎవరి జోలికీ పోకుండా బతికే ముసలాయన మనకు ఛాందసుడు. ఆయన పేరు తెచ్చి దీనికి పెట్టేసరికి మన ఆలోచన మొదట్లోనే దారి తప్పింది. ఇదేదో పాతకాలం మిగిల్చిపోయిన వస్తువనీ, చదువూ కరెంటూ రోడ్డూ వస్తే తనంతట తనే పోతుందనీ నమ్మాం.

ఇది పాతది కాదు. కాలిఫోర్నియాలో చమురు వ్యాపారం చేసిన లైమన్ స్టువర్ట్, ఆయన సోదరుడు మిల్టన్ ఖర్చు పెట్టుకుని 1910-15 మధ్య ‘ద ఫండమెంటల్స్’ అనే 12 సంపుటాలు అచ్చువేయించారు. బైబిలును చరిత్ర గ్రంథంలా పరీక్షించే పండితులకు జవాబుగా రాయించిన 90 వ్యాసాలవి. దాదాపు 30 లక్షల ప్రతులు పాస్టర్లకు, మిషనరీలకు, సండే స్కూలు నడిపేవాళ్లకు పోస్టులో ఉచితంగా చేరాయి. 1920లో కర్టిస్ లీ లాస్ అనే బాప్టిస్టు పత్రికా సంపాదకుడు ఈ పక్షం వాళ్లకు ఫండమెంటలిస్టులని పేరు పెట్టాడు. అంటే చమురు డబ్బు, అచ్చు యంత్రం, పోస్టాఫీసు కలిసి కన్న బిడ్డ ఇది. ఇందులో పాతకాలం ఎక్కడుంది?

ఇరాన్‌లోనూ ఇదే జరిగింది. 1978 చివరి నెలల్లో విప్లవ నాయకుడు ఖొమైనీ ఉన్నది పారిస్ దగ్గర ఒక పల్లెలో. ఆయన మాటలు టెలిఫోను తీగ మీద టెహ్రాన్ చేరేవి, క్యాసెట్లకెక్కి బజార్లలో చేతులు మారేవి. ఆ క్యాసెట్ లేని ఇరాన్ విప్లవాన్ని నేను ఊహించలేను. మన దేశంలో 1987 జనవరిలో దూరదర్శన్ రామాయణం మొదలైంది. భక్తితో చూసినవాళ్లను నేను తప్పుపట్టను, మా ఇంట్లోనూ చూశాం. కానీ దేశమంతటికీ ఒకే రాముడు, ఒకే కథ, ఒకే గంటకు రావడం అంతకుముందు ఎన్నడూ లేదు. అంతకుముందు రామకథలు ఎన్నో. ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయిందని వాల్మీకి చెప్పలేదు, మన ఆడవాళ్లు పాడుకున్నారు. మూలంలో లేదు కాబట్టి చెల్లదు అనే తీర్పు ముందుగా పడేది ఇలాంటి పాటల మీదే. మూలం ఒక్కటే ప్రమాణమనే ఈ పట్టుదలకు మౌలికవాదం అన్నదే తగిన పేరు. ఇకమీదట ఆ మాటే వాడతాను.

ఆధునికత పెరిగేకొద్దీ మతం వెనక్కి తగ్గుతుందని చెప్పిన పెద్దలు తక్కువవాళ్లు కారు. 1960లలో ఆ మాట గట్టిగా చెప్పినవాళ్లలో సామాజిక శాస్త్రవేత్త పీటర్ బెర్గర్ ఒకరు. 1999లో ఆయనే, మా అంచనా తప్పు, లోకం ఎప్పటిలాగే మతంతో నిండి ఉంది అని రాశారు. తన సిద్ధాంతాన్ని తానే వెనక్కి తీసుకున్న ఆ నిజాయితీని మాస్టారు తరగతిలో చాలాసార్లు మెచ్చుకున్నారు.

ఇంతకీ మతం అంటే ఏమిటి? అది ఒంటరి మనిషి నమ్మకం కాదు, కలిసి చేసే పని అని సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్కైం 1912లో రాశాడు. నాకు ఆ మాట పుస్తకంలో కన్నా గూగూడులో బాగా అర్థమైంది. అనంతపురం జిల్లా నార్పల మండలంలో ఉందా ఊరు. అక్కడి పీరు కుళ్లాయిస్వామి. కుళ్లాయి అంటే టోపీ. పక్కనే ఆంజనేయస్వామి గుడి. మొహర్రం వస్తే చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు, వాళ్లలో హిందువులే ఎక్కువ. మా వైపు కుళ్లాయప్ప, దస్తగిరి, మస్తానమ్మ అనే పేర్లు విని మతం చెప్పడం కష్టం. పీర్లెత్తేవాళ్లు, అగ్నిగుండం చుట్టూ ఆడేవాళ్లు, చదివింపులు చేయించేవాళ్లు మొహర్రం పది రోజులూ తాము ఫలానా మతమని అనుకోరు, ఫలానా ఊరని అనుకుంటారు. కవి, పరిశోధకుడు అఫ్సర్ ఈ పండుగ మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో వచ్చింది. విద్యార్థులు తప్పక చదవాలి.

ఈ మతానికి పొలిమేర ఉంది. పోలేరమ్మకూ అంతే. ఊరు దాటి బతకడానికి పోయినవాడు ఆ పీరునూ ఆ అమ్మవారినీ వెంట తీసుకుపోలేడు. దుబాయిలో పదిమంది ఒకే గదిలో పడుకునే నిజామాబాద్ కూలికీ, అమెరికాలో ఇంజనీరుకీ కావలసింది ఎక్కడికైనా మోసుకుపోగల మతం: ఒక గ్రంథం, కొన్ని నియమాలు, ఫోనులో ఒక ఉపన్యాసం. 1976లో మనవాళ్లు పిట్స్‌బర్గులో వెంకన్న గుడి కట్టుకుంటే అది బెంగ తీర్చుకునే దారి, అందులో మౌలికవాదమేమీ లేదు. కానీ మతం నేలనూ భాషనూ పాటనూ వదిలేసి ఉత్త నియమంగా మిగిలితే ఏమవుతుందో ఫ్రెంచి పండితుడు ఒలివియే రువా చూపించాడు. సంస్కృతి నుంచి విడిపోయిన మతమే ప్రపంచమంతా సులభంగా తిరుగుతుందని ఆయన వాదం. నేను ఒప్పుకుంటాను. ప్రపంచీకరణకు ఎదురు నిలిచినట్టు కనిపించే మౌలికవాదం నిజానికి దాని బండి మీదే ప్రయాణం చేస్తుంది.

మౌలికవాదం ముందు తగువు పెట్టుకునేది ఎదుటి మతంతో కాదు, సొంత ఇంటి మనుషులతో. పీర్లెత్తడం ఇస్లాంలో లేదని ఒక వీడియో మస్తానుకు వస్తుంది. పీరుకు మొక్కడం హిందువుకు సిగ్గుచేటని ఇంకొకటి కుళ్లాయప్పకు వస్తుంది. పంపినవాళ్లు ఒకరికొకరు బద్ధశత్రువులు, ఇద్దరూ అడిగేది మాత్రం ఒకటే: పీర్ల చావిడికి పోవద్దని.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఆ మాటే అన్నాను, మూఢనమ్మకమనే పేరుతో. హేతువాదులమనుకున్న మేమూ, శుద్ధి కోరినవాళ్లూ ఒకే చావిడికి తాళం వెయ్యమన్నాం. ఖాళీ అయిన చోట మేం ఏమీ పెట్టలేకపోయాం, వాళ్లు పెట్టారు.

అలాగని పీర్లెత్తే ఊరు స్వర్గమని కూడా అనను. పండుగలో కలిసిన చేతులు మర్నాడు బావి దగ్గర కలిసేవి కావు. కులం వల్ల అవమానపడి ఊరు విడిచినవాడికి, గ్రంథం ముందు అందరూ సమానమే అనే మాట ఎంత ఊరటో మనం గుర్తించకపోతే మౌలికవాదం బలమేమిటో మనకెప్పటికీ తెలియదు. నిష్ఠగా ఉన్న ప్రతివాణ్నీ మౌలికవాది అనడం కూడా అన్యాయం. తన నిష్ఠ తాను పాటించుకునేవాడు వేరు, పక్కవాడి పండుగ ఆపించేవాడు వేరు.

ఇక్కడున్న పరిశోధక విద్యార్థులకు ఒక విన్నపం. మొహర్రం పదిరోజులూ మీ మీ ఊళ్ల పీర్ల చావిళ్ల దగ్గర కూర్చోండి. ఆ పాటలు వచ్చిన ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. రికార్డు చెయ్యండి, ఎవరెవరు వస్తున్నారో, ఎవరు రావడం మానేశారో, ఎందుకు మానేశారో అడిగి రాసుకోండి. మాస్టారి పేరిట వచ్చే ఏడు ఈ వేదిక మీద నా బదులు మీలో ఒకరు ఆ రాతలు చదవాలి.