మన మాట వినే డాక్టరు
(స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగము)



జ్వరమో, కడుపునొప్పియో వచ్చినప్పుడు మొదట ఎవరి యొద్దకు పోవలెనను విషయమై నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. పెద్ద ఆసుపత్రులను గూర్చి అందరును మాట్లాడుదురు. మొదట చూచే డాక్టరు సంగతి ఎవరును ఆలోచింపరు.

1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు డాక్టర్ల గదులలోని సంభాషణలను పరిశీలించిరి. రోగి తన బాధ చెప్పనారంభించిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుచున్నాడని తేలినది. 2017లో 67 దేశముల లెక్కలు కూర్చి చూడగా, డాక్టరు ఒక్కొక్క రోగికి ఇచ్చు సమయము స్వీడనులో 22 నిమిషములకు పైగా, బంగ్లాదేశములో 48 సెకన్లు, మన దేశములో సుమారు రెండు నిమిషములు. డాక్టర్లనే నిందించి లాభము లేదు. మైదాన ప్రాంతమున 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమని ప్రమాణము. బయట వరుస చూచినవాడు లోపల తొందరపడక ఏమి చేయును?

అయినను ఆ రెండు నిమిషములలోనే తేడా కలదు. నాకు తెలిసిన ఒక పెద్దమ్మగారికి షుగరు. కలుపు తీయుటకు పోయిన చోట చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగి పడిపోవుచుండెను. ఒక డాక్టరు నీరసమని సెలైను ఎక్కించెను. మరియొకరు బలమునకు ఇంజెక్షను ఇచ్చిరి. మూడవ డాక్టరమ్మ, వయస్సులో చిన్నదే, కలము ప్రక్కన పెట్టి, “మాత్ర ఎప్పుడు వేసుకుంటావమ్మా? అన్నం ఎప్పుడు తింటావు?” అని అడిగినది. ఆరు గంటలకు టీతో మాత్ర. పదకొండు గంటలకు గట్టు మీద అన్నము. మాత్ర షుగరును దించుచున్నది, కడుపులో మాత్రము ఏమియు లేదు! మాత్ర వేళ మార్చిరి. పెద్దమ్మ మరల పడలేదు. ఆ షుగరు ఇంకను దిగియుంటే ప్రాణమే పోయెడిది.

కాబట్టి రెండవ ప్రశ్న అడిగే డాక్టరును వెదకుడి. వెంట వచ్చిన కుమారుని వైపు గాక మీ వైపు చూచువారిని, చీటీలోని మాత్ర ఎందుకో చెప్పువారిని విడువకుడి. సూది వేయలేదని మంచి డాక్టరును మానివేయు అలవాటు మనలో చాలమందికి కలదు. అది నాకు నచ్చదు.

1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరచిరి. మగ డాక్టరుకు చెప్పుకొనలేని బాధలు స్త్రీలకు ఆనాడు ఎన్నో. ఈనాడును భర్త ప్రక్కన నిలిచియుంటే తెల్లబట్ట సంగతి చెప్పలేని చెల్లెండ్రు ఈ గదిలోనే యుందురు. అయ్యగారిని కొంచెము బయట కూర్చుండుమని చెప్పుటలో తప్పు లేదు.

వెళ్లునప్పుడు ఇంట్లోనున్న మాత్రల అట్టలన్నియు, నాటు మందుతో సహా, ఒక సంచిలో వేసికొని పోవుడి. అన్నిటికంటె ఎక్కువ భయపెట్టుచున్న బాధను మొదట చెప్పుడి. లేచి వచ్చునప్పుడు గుమ్మము దగ్గర చెప్పిన మాట వినుటకు డాక్టరుకు తీరిక యుండదు.