పాట మొదలయ్యాక పెరిగే ఓమ్‌లు



ఆదివారం ఎర్రగడ్డ సంతలో పాత సబ్‌వూఫర్ కొన్నారనుకోండి. వెనక 4 ఓమ్‌లు అని రాసుంటుంది. మల్టీమీటర్ పెడితే మూడున్నర చూపిస్తుంది. సరుకు బాగున్నట్టే. కానీ అది నిద్రపోతున్న స్పీకర్ లెక్క. పాట మొదలైతే లెక్క మారిపోతుంది.

ఎందుకు? అయస్కాంతం మధ్య తీగచుట్ట ఊగుతుంటే, తానే కొంత వోల్టేజీ పుట్టించి, వచ్చే కరెంటుకు ఎదురు నిలుస్తుంది. పైగా రాగి వేడెక్కేకొద్దీ నిరోధం పెరుగుతుంది. స్పీకర్ పెట్టె కొలతలదీ ఇందులో పెద్ద పాత్రే.

కొలవడం తేలికే. 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. మన ఇంటి కరెంటుదీ అదే ఫ్రీక్వెన్సీ, మామూలు క్లాంప్ మీటర్ దాన్ని బాగా పట్టుకుంటుంది. క్లాంప్‌ను ఒక్క వైరుకే తగిలించండి. రెండూ కలిపి పట్టుకుంటే సున్నా వస్తుంది. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో ఉంచి యాంప్లిఫయర్ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర పెట్టండి. 24 వోల్టులు, 3 ఆంపియర్లు వచ్చాయా? భాగించండి. 8 ఓమ్‌లు! నాలుగు ఎనిమిదైంది. యాంప్ ఇచ్చే పవర్ ఇంచుమించు సగమైంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఎలాగూ పెరుగుతుంది కదా అని, యాంప్ తట్టుకోలేనంత తక్కువ ఓమ్‌లకు వైరింగ్ చేస్తారు. దయచేసి వద్దు. ఈ పెరుగుదల అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. ఒక స్వరం దగ్గర 8, ఇంకో స్వరం దగ్గర మళ్లీ నాలుగే. యాంప్ కాలిపోయేది ఆ రెండో స్వరం దగ్గరే. అందుకే యాంప్ మీద రాసిన కనీస ఓమ్‌లకు తగ్గకుండా వైర్లు కలపండి, ఆ తర్వాతే మీటర్ తీయండి.