మిగిలిన ఆరువేలు ఎవరికి?

మా మేనల్లునికి తెరచాప ఓడల నమూనాలు చేయుట వేడుక. సన్నని కొయ్యపలకలు, దారములు, ఇత్తడి ముక్కలు ముందు పెట్టుకొని కూర్చున్నచో అతనికి అన్నము సంగతి జ్ఞాపకముండదు. అతడు కళాశాలలో చదువుకొనుచున్నాడు. యూరపులోని ఒక దుకాణమునుండి మంచి ఓడ నమూనా నొకదానిని తెప్పించుకొనవలెనని, పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు రెండేండ్లపాటు కూడబెట్టినాడు. దుకాణపు పట్టికలో దాని వెల మన నాణెములో ఆరువేల రూపాయలు. రవాణా కూలి నాలుగువేలు కలిసి, కూడబెట్టిన పదివేలును అక్కడనే సరిపోయినవి. తరువాత మూడు వారములకు పొట్లము గుమ్మములోనికి వచ్చినప్పుడు, తెచ్చినవాడు మరి రెండువేల పైచిలుకు సుంకము చెల్లింపుమన్నాడు. అబ్బాయి చేతిలో చిల్లిగవ్వ లేదు. తండ్రి నెలాఖరు రోజులలో, మాట్లాడక, ఆ మొత్తము తీసి యిచ్చినాడు. తండ్రి కోపపడియుండినచో అబ్బాయి అంత బాధపడియుండడు.

ఆ సాయంకాలము అతడు నా వద్దకు వచ్చి రెండు ప్రశ్నలు వేసినాడు. మొదటిది: “మామయ్యా, ఓడ వెల ఆరువేలే కదా! మిగిలిన ఆరువేలు ఎవరు తీసుకున్నట్టు?” రెండవది కొంత తటపటాయించి అడిగినాడు: “ఈసారి పొట్లం మీద ‘బహుమతి’ అని రాయించుకో, సుంకం ఉండదు అంటున్నాడు మా స్నేహితుడు. రాయించుకోనా?”

ఈనాడు అనేక గృహములలో ఇట్టి పొట్లములు దిగుచున్నవి. ఒకరికి చిత్రలేఖనపు కుంచెలు, ఒకరికి దూరదర్శిని కటకములు, ఒకరికి కుట్టుపనికి దారములు, ఒకరికి కలముల పాళీలు. కాబట్టి ఆ రెండు ప్రశ్నలకు నేను చెప్పిన సమాధానమే మీకును మనవి చేయుచున్నాను.

మొదట రవాణా సంగతి. విదేశపు వస్తువు ప్రియమైనచో మనము వెంటనే సుంకమును నిందింతుము. కాని ఆ ఆరువేలలో నాలుగువేలు సుంకము కానే కాదు, అది మోతకూలి. అంత కూలి యేల అయినది? ఓడ బరువు రెండు కిలోగ్రాములే. కాని విమానములో బరువెంత ముఖ్యమో చోటును అంతే ముఖ్యము. అందుచేత కొరియరు సంస్థలు పెట్టెను తూచుటయే కాక కొలుచును కూడ. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని గుణించి, వచ్చిన దానిని 5000 చేత భాగించి, ఆ సంఖ్యను కిలోగ్రాములుగా గ్రహించుట ఆ సంస్థలలో పెక్కింటి పద్ధతి. అసలు బరువు, ఈ కొలత బరువు, రెంటిలో ఏది యెక్కువయో దానిపైననే కూలి. మా అబ్బాయి పెట్టె 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు. గుణింపగా 40,000, భాగింపగా ఎనిమిది కిలోగ్రాములు. రెండు కిలోల ఓడకు ఎనిమిది కిలోల కూలి! తక్కిన ఆరు కిలోల కూలి పెట్టెలోని గాలికి చెల్లినదన్నమాట.

ఈ సంగతి ముందు తెలిసియుండినచో రెండు ఉపాయము లుండెడివి. పెద్ద పెట్టె విడిచి వస్తువును చిన్న పెట్టెలో సర్ది పంపుమని దుకాణమువారిని కోరుట ఒకటి. తపాలా మార్గము కలదేమో విచారించుట రెండవది. విశ్వ తపాలా సమితి 1874లో స్విట్జర్లండులోని బెర్న్ నగరమున ఏర్పడినది. 1876లో భారతదేశము అందు చేరినది. ఆ యేర్పాటు ననుసరించి రెండు కిలోగ్రాముల లోపు చిన్న పొట్లములను ఉత్తరముల తరగతిలోనే పంపు సదుపాయము నేటికిని కలదు. తపాలా పొట్లము కొంత ఆలస్యముగా వచ్చును. కాని వేడుక వస్తువు పది దినములు ఆలస్యమైనచో కొంప మునుగదు గదా!

ఇక సుంకము. ఆ మాట వినగానే మనసు చిన్నబుచ్చుకొనుట సహజము. అయినను తెలుగువారికి సుంకము క్రొత్తది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున అక్కడ ఒక అభయశాసనము వేయించెను. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకంతయు బలిమిని గుంజుకొనెడివారు. తాను అట్లు చేయననియు, నిర్ణయించిన సుంకము తప్ప వేరొండు గ్రహింపననియు ఆయన విదేశవర్తకులకు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతని అందు వ్రాయించెను. ఇందు గమనింపదగినది సుంకము తక్కువగా నుండుట మాత్రమే కాదు. అది రాతిపై నుండుట. ఓడ దింపకముందే తాను చెల్లింపవలసినది ఎంతయో వర్తకుడు తెలిసికొనగలడు.

నేడును అంతే. 1962 నాటి కస్టమ్సు చట్టము, 1975 నాటి సుంకముల పట్టిక చట్టము, వాని క్రింది నిబంధనలు బహిరంగముగనే ఉన్నవి. చదువకుండ తెప్పించుకొని, తరువాత ఉలికిపడుచున్నది మనమే.

ఆ నిబంధనల సారము ఇది. సుంకము కేవలము వస్తువు వెలపైన కాదు. వెలకు రవాణా కూలిని, బీమాను కూడ కలిపిన మొత్తముపైన. అయితే ఇందు ఒక సదుపాయమును కలదు. వస్తువు విమానమున వచ్చినచో, కూలి ఎంత అయినను, వస్తువు వెలలో నూటికి ఇరువది వంతులకు మించి లెక్కలోనికి తీసికొనరాదు. బీమా ఎంతయో తెలియనప్పుడు వెలలో 1.125 శాతము కలుపుదురు. ఇట్లు తేలిన మొత్తముపై మొదట మూలసుంకము. కొన్ని వస్తువులకు దానిపై సర్‌చార్జియు నుండును. తరువాత వీని నన్నింటిని కలిపి, ఆ పెరిగిన మొత్తముపై, 2017 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన ఏకీకృత జీఎస్టీ. అనగా పన్నుమీద పన్ను పడును.

మా అబ్బాయి ముందు కాగితము పెట్టి లెక్క వేయించితిని. శాతములు బడ్జెట్టుతోను, ప్రభుత్వ ప్రకటనలతోను మారుచుండును; వస్తువును బట్టియు మారును. కాబట్టి నేను చెప్పబోవునవి లెక్క తెలియుటకు మాత్రమే. మూలసుంకము పది శాతము, జీఎస్టీ పదునెనిమిది శాతము అనుకొందము. ఓడ వెల 6,000. కూలి 4,000 అయినను లెక్కకు వచ్చునది ఇరువది శాతము, అనగా 1,200. బీమా సుమారు 68. మొత్తము 7,268. దానిపై పది శాతము 727. రెండును కలిపిన 7,995. దానిపై పదునెనిమిది శాతము 1,439. ప్రభుత్వమునకు చేరునది 727, 1,439 కలిసి 2,166 రూపాయలు. గుమ్మములో ఓడ వెల 12,166. కొరియరు సంస్థ మన తరఫున సుంకము ముందుగా కట్టినందుకు తీసికొను రుసుము దీనికి అదనము. బ్యాంకువారు విదేశపు చెల్లింపుపై గ్రహించునదియు అదనమే.

అబ్బాయి కాగితమువైపు చాలసేపు చూచి, “అయితే సుంకం కంటే కూలే ఎక్కువ!” అన్నాడు. అతని మొదటి ప్రశ్నకు సమాధానము అతని నోటనే వచ్చినది.

రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు నేను నా కథ చెప్పవలసి వచ్చినది. కొన్ని యేండ్ల క్రిందట నేను నీటిరంగుల కుంచెలు కొన్ని విదేశమునుండి తెప్పించితిని. నేను కోరకపోయినను, నాకు మేలు చేయుచున్నాననుకొని కాబోలు, అమ్మినవాడు పొట్లముపై అసలు వెలలో నాలుగవ వంతు మాత్రమే వ్రాసినాడు. పొట్లము దారిలో నలిగి, సగము కుంచెలు విరిగి వచ్చినవి. నష్టపరిహారము కోరగా, పొట్లముపై వ్రాసిన వెలను బట్టియే ఇత్తుమని సమాధానము వచ్చినది. అసలు రసీదు చూపవలెనన్నచో, పైన వ్రాసినది అబద్ధమని నేనే ఒప్పుకొనవలెను. నోరు మూసికొని ఊరకుంటిని. సుంకములో మిగిలినదానికంటె కుంచెలలో పోయినది ఎక్కువ.

ఇది నష్టము మాట. చట్టము మాట ఇంకను గట్టిది. వెలను గాని, వస్తువు స్వరూపమును గాని తప్పుగా తెలిపినచో ఆ సరకును జప్తు చేయుటకును, జరిమానా విధించుటకును కస్టమ్సు చట్టము అధికార మిచ్చుచున్నది. అధికారులకు సందేహము కలిగినచో కొనుగోలు రసీదును, డబ్బు చెల్లించిన ఆధారమును చూపుమని అడుగుదురు. ఇక ‘బహుమతి’ అను మాటకు పూర్వమున్న మహిమ యిప్పుడు లేదు. 2019 డిసెంబరు 12న వెలువడిన ప్రకటన ప్రకారము, తపాలాలో గాని కొరియరులో గాని బహుమతి పేరిట సుంకము లేకుండ సరకు విడిపించుకొను వీలు తొలగింపబడినది; ప్రాణరక్షక ఔషధములకును, రాఖీలకును మాత్రము మినహాయింపు ఉంచబడినది. తక్కిన బహుమతులు పూర్తి సుంకము చెల్లించియే తెచ్చుకొనవలెను. కాబట్టి స్నేహితుని సలహా చెడ్డదే కాక, పాతబడినది కూడ.

“మీ నాన్న నెలాఖరున రెండువేలు తీసి యిచ్చినాడు. రేపు నీ పేరిట నోటీసు వస్తే ఏమి తీసి యిస్తాడు?” అని నేనడిగితిని. అబ్బాయి తల వంచుకొన్నాడు.

మరియొక సంగతి. వెల విచారించుటకు ముందే, ఆ వస్తువు దేశములోనికి రావచ్చునా యని విచారింపవలెను. విదేశపు వాడుకసరకులపై చిరకాలము ఉండిన పరిమాణ నిర్బంధములలో మిగిలినవి 2001 ఏప్రిలు 1న తొలగినవి. అంతమాత్రమున అన్నింటికిని తలుపు తెరచినట్లు కాదు. ఎగురవేయుటకు తయారుగా నున్న డ్రోనుల దిగుమతి, పరిశోధన, రక్షణ మొదలగు కొన్ని అవసరములకు తప్ప, 2022 ఫిబ్రవరి 9న నిషేధింపబడినది. తోటపని వేడుకగల ఇల్లాండ్రు విదేశపు పూలవిత్తనములను చవుకగా కనబడినవని తెప్పింతురు. 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తరువు ప్రకారము విత్తనములకు దిగుమతి అనుమతియు, తెగుళ్ళు లేవను ధ్రువపత్రమును కావలెను. ఒక చిన్న పొట్లములోని విత్తనములతో మన పొలములకు లేని తెగులు రావచ్చును గనుక ఈ నిబంధనలో న్యాయమున్నది.

ఇన్ని చెప్పి, చివరకు అబ్బాయిచేత ఒక కాగితముపై అయిదు వరుసలు వ్రాయించితిని. ఒకటి, ఈ వస్తువు రావచ్చునా? రెండు, వెల ఎంత? మూడు, పెట్టె కొలత ఎంత, కూలి ఎంత? నాలుగు, సుంకము, రుసుములు ఎంత? అయిదు, ఇదే వస్తువు హైదరాబాదులోనో, విజయవాడలోనో, చెన్నపట్టణములోనో ఎంతకు దొరకును? ఈ అయిదవ వరుసను మనము తరచు మరతుము. ఇక్కడి వర్తకుడు విదేశపు పట్టికలోని వెలకంటె ఎక్కువ చెప్పినాడని విసుగుకొందుము. కాని అతడు ఒకేసారి అనేక వస్తువులు తెప్పించును గనుక ఒక్కొక్కదానిపై పడు కూలి స్వల్పము. అతని వెలను మన గుమ్మపు వెలతో పోల్చవలెనే గాని పట్టికలోని వెలతో కాదు. పైగా వస్తువు చెడినచో అతని దుకాణమునకు నడచి పోవచ్చును; సముద్రము దాటించి తిప్పిపంపుటకు మరల కూలి కావలెను.

ఈ సంవత్సరము మా మేనల్లుడు రెండవ ఓడ మొదలుపెట్టినాడు. ఆ అయిదు వరుసలు నింపి చూచుకొని, పెద్ద పెట్టె తెప్పింపలేదు. ఓడ పటమును, ఇక్కడ దొరకని ఇత్తడి సామానును మాత్రము చిన్న తపాలా పొట్లముగా తెప్పించినాడు. అసలు వెలయే పైన వ్రాయించినాడు. పలకలు మా వీధి చివరనున్న వడ్రంగి టేకు చెక్కలో చీల్చి యిచ్చినాడు. పోస్టుమాన్ వచ్చి సుంకము అడిగినప్పుడు అబ్బాయి లోపలినుండి ఒక కవరు తెచ్చినాడు. లెక్కకట్టిన డబ్బు అందులో ముందుగానే పెట్టుకొన్నాడు. కొంచెము మిగిలినది కూడ. తండ్రి వరండాలో పత్రిక చదువుకొనుచు ఒకసారి తల ఎత్తి చూచి, మరల పత్రికలో పడినాడట.