మన ధైర్యాన్ని మనమే కొలుచుకుందాం



మన సమాఖ్యలో కౌన్సెలింగ్ చేసే అక్కలు బాధల్లో ఉన్న ఆడవాళ్ళను పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తాగుడు, కొట్లాటలు, కట్నం బాధలు అన్నీ అక్కడికే వస్తాయి. "నడపగలవా అక్కా?" అని అడిగితే ఎవరైనా "ఆ, నడుపుతాను" అనే అంటారు. అందుకే ఒక్కో పని గురించి విడివిడిగా అడగాలంటున్నాం.

నోరు విప్పని చెల్లెలిని మాట్లాడించగలమా? ఒక్కరే మాట్లాడుతుంటే నొప్పించకుండా ఆపగలమా? ఇద్దరు మాటామాటా అనుకుంటే సర్దగలమా? విన్నది బయటికి పోకుండా చూడగలమా? ఒక్కోదానికి 0 నుంచి 10 దాకా ఎవరికి వారే మార్కులు వేసుకోవాలి. రాయడం రానివాళ్ళకు పది చింతగింజలు ఇస్తే చాలు.

చేసి చూస్తే, చేసేవాళ్ళను చూస్తే ధైర్యం పెరుగుతుందని ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో రాశారు. కాబట్టి 2 వేసుకున్న అక్కను అనుభవం ఉన్న అక్క పక్కన కూర్చోబెడదాం. ట్రైనింగ్‌కు ముందు, తర్వాత మార్కులు పోల్చి చూద్దాం.

ఈ మార్కులను గౌరవ వేతనంతో మాత్రం ముడిపెట్టొద్దు. పెడితే అందరూ పదే వేసుకుంటారు. ధైర్యం ఉన్నంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. అందుకని వచ్చిన ఆడవాళ్ళనూ అడగాలి.

గడప దాటి వచ్చిన చెల్లెలు చెప్పుకోకుండానే వెనక్కి పోకూడదు. దీన్ని ఈ ఏటి తీర్మానంలో రాయాలని కోరుతూ, సెలవు.