మా పెరటితోట: ఎనిమిదేండ్ల యనుభవము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా బాలురకు సంస్కృతాంధ్రములు బోధించినవారము గావున నది మాకు కష్టమైన పని గాదు. కాని యుద్యోగవిరమణానంతరము మేము క్రొత్తగా నేర్చిన విద్య యొకటి కలదు. దానిని మాకు నేర్పిన పాఠశాల ద్రాక్షారామమున మా యింటి వెనుకనున్న పది సెంట్ల పెరడు. 2017 మొదలు 2025 వఱకు ఎనిమిదేండ్లు అందు మేము చదివితిమి. పరీక్షలలో నెగ్గినవానికన్న తప్పినవే యెక్కువ. ఆ తప్పిన పరీక్షల సంగతియే నేడు మీకు విన్నవింపదలచితిమి.

మా యూరి పేరులోనే తోట యున్నది. ఆరామమనగా ఉపవనమని అమరకోశము చదివిన ప్రతి బాలునకును దెలియును. పంచారామములలో నొకటియై, భీమేశ్వరస్వామి వెలసిన యీ క్షేత్రము దక్షుని యారామమనియు, దక్షారామమే ద్రాక్షారామమైనదనియు పెద్దలు చెప్పుదురు. మేమును తరగతిలో నట్లే చెప్పుచుంటిమి. అయినను పదవీవిరమణ చేసిన వర్షకాలమున కడియము పోయి, మొట్టమొదట మేము కొనితెచ్చినది ద్రాక్షతీగ! ఊరిపేరు సార్థకము చేయవలెనని మా కోరిక. పందిరి వేసితిమి, పాదుచేసితిమి, వచ్చినవారికెల్ల చూపితిమి. ద్రాక్షకు పొడిగాలి కావలెను. మన డెల్టాలోని చెమ్మగాలికిని, ముసురువానలకును ఆకులపై బూజుతెగులు పుట్టును. రెండవ వర్షకాలము గడవకమున్నే తీగ యెండిపోయినది. పేరునుబట్టి పంట రాదని మాకు దెలిసిన మొదటి పాఠమిది.

ఆ దినముననే ద్రాక్షతోపాటు పండ్రెండు పండ్లమొక్కలు గూడ తెచ్చితిమి. కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ మొదలుగా నాలుగు మామిడులు, రెండు పనసలు, రెండు సపోటాలు, రెండు జామలు, రెండు ఉసిరికలు. మూరెడేసి యెత్తున్న యా మొక్కలను తొమ్మిదేసి యడుగుల యెడముతో, మూడు వరుసలుగా, వరుసకు నాలుగు చొప్పున నాటితిమి. చూచుటకు నది యెంతయో విశాలముగా నుండెను.

ఇచ్చట మా యవివేకమును దాచక చెప్పవలెను. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయము కలదు. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరల యెడమున్న ఉత్తమమనియు, పదునాఱు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు నందు స్పష్టముగా చెప్పబడినది. దగ్గర దగ్గరగా పెరిగి, వేళ్లు పెనవేసికొని పీడింపబడు చెట్లు సరిగా ఫలింపవనియు నందే కలదు. మూరకు అడుగున్నర చొప్పున లెక్కించిన ఆ కొలతలు ముప్పది, ఇరువదినాలుగు, పదునెనిమిది యడుగులగును. నేటి శాస్త్రజ్ఞులు కొబ్బరికి ఇరువదియైదడుగుల యెడము చెప్పుచున్నారు. పదునాలుగు వందల యేండ్లనాటి మధ్యమపక్షమునకును దీనికిని ఒక్క యడుగే భేదము. ఈ శ్లోకములు మాకు కంఠస్థములు. ఎందఱకో ప్రతిపదార్థముతో చెప్పియుంటిమి. అట్టి మేము తొమ్మిదడుగులకు, అనగా ఆఱు మూరలకు, గోతులు త్రవ్వించితిమి. శ్లోకము కంఠమున నుండిపోయినది, చేతివఱకు దిగలేదు.

ఆ గోతులు చూచి యడ్డుచెప్పిన వ్యక్తి యొకడు కలడు. మా తండ్రిగారినాటి కొబ్బరిచెట్లు మూడు ప్రహరీగోడప్రక్క నున్నవి. రెండు నెలలకొకమారు వచ్చి వానికి దింపు తీయువాడు గోతులవంక చూచి, ‘మేష్టారండీ, మొక్క ఎంతుందో చూసి పాతకూడదండి, మానయ్యాక ఎంతుంటదో చూసి పాతాలండి’ అనెను. మేము నవ్వి, ‘నీ పని నీవు చూచుకోవోయి’ అంటిమి. వరాహమిహిరుడును ఆతడును చెప్పినది ఒక్కమాటయే యని నాడు మాకు తోచలేదు.

రెండవ యేట మా పాండిత్యము మఱియొక మెట్టెక్కినది. సురపాలుని వృక్షాయుర్వేదమను గ్రంథము ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్న ప్రతినుండి 1996లో సికిందరాబాదున ఆంగ్లానువాదముతో ముద్రితమైనది. అందు కుణపజలమను ఎరువు చెప్పబడినది. అసలు విధానమున జంతుమాంసము, మజ్జ మొదలైనవి కలవు. అవి మాకు సరిపడవు గావున, నువ్వులచెక్క, నానిన మినుములు, పాలు, తేనె మాత్రము కుండలో కలిపి మూతబెట్టి పదునైదు దినములు పాతిపెట్టితిమి. మూత తీసిన దినమున ఇరుగుపొరుగువారు తలుపులు మూసికొనిరి. ఆ ద్రవమును నీరు కలుపకయే మిరపనారునకు కడుపునిండ పోసితిమి. మఱునాటికి నారంతయు మాడిపోయినది. ‘ఏమండీ, ఆకలిగొన్న పసిబిడ్డకు కుండెడన్నము ఒక్కమారే పెట్టుదురా?’ అని మా గృహిణి యడిగినది. తప్పు గ్రంథముది గాదు, మోతాదు తెలియని మాది. తరువాత పది పాళ్లు నీరు కలిపి ఆనపపాదునకు వారమునకొక చెంబెడు చొప్పున పోయగా, ఆ యేడు ఇరుగుపొరుగువారు మాతో మాటలాడుటయే గాక ఆనపకాయలు గూడ పట్టుకొనిపోయిరి.

ఇక మిక్కిలి బాధాకరమైన ఘట్టము. సర్పిలాకార తెల్లదోమ యను చీడ 2016లో మనదేశమున తొలిసారిగా కనబడి, అనతికాలముననే గోదావరి జిల్లాల కొబ్బరితోటలకు వ్యాపించిన సంగతి మీలో తోటలున్నవారందఱును ఎఱుగుదురు. ఆకు అడుగున చుట్లు చుట్లుగా తెల్లని మైనపుపొడితో గ్రుడ్లు పెట్టుట దాని గుణము. అది విడుచు తేనెవంటి జిగురు క్రింది యాకులపై పడి, దానిమీద నల్లని మసిబూజు పెరుగును. 2018లో మా మూడు చెట్లకును అది పట్టినది. క్రిందనున్న అరటి, జామ మసిపూసినట్లాయెను. తండ్రిగారి చెట్లు పోవుచున్నవని మేము కలత చెంది, ఒక దుకాణదారుడిచ్చిన ఘాటైన పురుగుమందును తెచ్చి మూడుమారులు పిచికారి చేయించితిమి. దోమ తగ్గినట్లే తగ్గి, రెండు నెలలలో మునుపటికన్న దట్టముగా తిరిగివచ్చినది.

అప్పుడును దింపునకు వచ్చిన యాతడే చెట్టుదిగి, ఒక ఆకుముక్క మాచేతికిచ్చి, వెనుకవైపు చూడుమనెను. భూతద్దముతో చూచితిమి. కొన్ని దోమపిల్లల వీపుమీద సూదిమొనతో పొడిచినట్లు గుండ్రని రంధ్రములున్నవి. ఎన్‌కార్సియా యను కంటికానని చిన్న కందిరీగజాతి పురుగు దోమపిల్లలలో గ్రుడ్డుపెట్టును. దాని పిల్ల లోపలనుండి దోమను తిని, ఆ రంధ్రము చేసికొని బయటికి వచ్చును. అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానమువంటి చోట్ల శాస్త్రజ్ఞులు తెల్లదోమకు ఘాటైన మందులు కొట్టవలదనియు, మిత్రపురుగులను కాపాడుకొనవలెననియు చెప్పుచుండుటకు కారణమిదియే. మేము మందు కొట్టినప్పుడు శత్రువుకన్న ముందుగా మిత్రుని చంపితిమి. శత్రువు తిరిగివచ్చినాడు, మిత్రుడు రాలేదు.

పిమ్మట మందు మానితిమి. లీటరు నీటికి పది మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బుపొడి కలిపి చల్లుట, అందినంతవఱకు ఆకుల యడుగుభాగమును నీటిధారతో కడుగుట, ఓపికతో వేచియుండుట, ఇంతియే మా చికిత్స. రంధ్రములున్న పిల్లలు మరల మెండుగా కనబడుటకు ఏడాదికి పైగా పట్టినది. దోమ నేటికిని పూర్తిగా పోలేదు. చెట్లు మాత్రము మూడును బ్రతికియున్నవి, కాపు నిలిచినది.

అన్నియు నపజయములే యని తలంపకుడు. 2020 మార్చిలో దేశమంతయు గృహనిర్బంధమైనప్పుడు సంత లేదు, బజారు లేదు. అప్పుడు మా పెరటిలోని తోటకూర, గోంగూర, బచ్చలి మా వీధిలో ఏడిండ్లకు సరిపోయినవి. ద్రాక్షకును, కుణపజలమునకును మేము పడిన శ్రమలో పదవవంతైనను ఈ యాకుకూరలకు పడలేదు. మన నేలకు తగిన మొక్క మనలను సేవ యడుగదు.

ఆ గర్వము అక్టోబరు వఱకే. 2020 అక్టోబరు 13న తీవ్రవాయుగుండము కాకినాడ చెంత తీరము దాటినది. ఆ వానలకు మా పెరటిలో ఐదు దినములు నీరు నిలిచినది. మాది నల్లని బంకమట్టి. నీటిని పీల్చుట ఆలస్యము, విడుచుట మఱింత యాలస్యము. వేళ్లకు గాలియాడక మునగ, బొప్పాయి, మిరప, నిమ్మ వరుసగా చచ్చినవి. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన డెల్టావాసులము నీరు తెచ్చుకొనుటయందు ఆరితేరితిమి. వచ్చిన నీటిని పంపివేయుట గూడ సేద్యములో సగమని మాకు ఆ ఐదు దినములు నేర్పినవి. తొలియేడే ఆ దింపుమనిషి, ‘మడులు ఎత్తుచేసి, మధ్యన బోదెలు తీయించండి’ అని చెప్పియుండెను. మూడేండ్ల పిమ్మట తీయించితిమి. అడుగున్నర యెత్తున మట్టిదిబ్బలు, వానినడుమ మురుగుకాలువలోనికి వాలుగా బోదెలు. గోదావరి లంకగ్రామములను ముంచిన 2022 జూలైలో మాయూర కురిసిన వానలకు, ఒక్క రాత్రిలో మా పెరటినీరు తీసినది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెమ్మ నిలుచుటకు పాదులలో కొబ్బరిడొక్కలు పరచుటయు ఆతడు చెప్పినదే.

2023లో చేయకతప్పని పని చేసితిమి. పండ్రెండు చెట్లు కొమ్మలు కలుపుకొని చీకటిచేసినవి. వెలుతురుకై పైపైకి సాగుటయే గాని పూత లేదు. నాలుగు మూలలనున్న కొత్తపల్లి కొబ్బరి, పనస, సపోటా, ఉసిరి మాత్రముంచి, తక్కిన యెనిమిదింటిని కొట్టించితిమి. సువర్ణరేఖకు ఆ యేడే తొలిసారిగా నాలుగు గుత్తులు పూత వచ్చియుండెను. మా గృహిణి దాని మొదలు చేతితో తాకి, లోనికి పోయినది. ఆ పూట మేమిద్దఱమును భోజనము చేయలేదు. ఆఱేండ్లు పెంచిన చెట్టును మన పొరపాటునకు అది శిక్ష యనుభవింప నఱకుట సులభము గాదు. మిగిలిన నాలుగింటి నడుమ నిప్పుడు ఒకవైపు పదునెనిమిది, మఱియొకవైపు ఇరువదియేడడుగుల యెడమున్నది. అనగా వరాహమిహిరుని లెక్కను మాతోట నేటికిని అధమశ్రేణిలోనే యుత్తీర్ణమైనది! అయినను గత రెండేండ్లుగా మామిడి, సపోటా చక్కగా కాయుచున్నవి. కొబ్బరినీడన వేసిన కంద బాగుగ ఊరుచున్నది. కందబచ్చలికూరకు మేము బజారునకు పోయి మూడేండ్లైనది.

చెట్లు కొట్టించిన సాయంకాలము దింపుమనిషి వచ్చెను. ‘నేను ముందే చెప్పితిని’ అని యనలేదు. మోడులు చూచి, ‘పోనీలెండి, మిగిలినయి బతుకుతాయండి’ అనెను. అప్పుడు మాకు తట్టినది. ఆతడు మాకన్న రెండేండ్లు పెద్ద. ఆఱేండ్లుగా మేము ‘నీవు’ అని పిలిచితిమి, ఆతడు ‘మీరు’ అని పిలిచెను. మంచినీరు గుమ్మమువద్దనే యిచ్చితిమి. ఎడము, మురుగు, మిత్రపురుగు, మా తోటను నిలిపిన మూడు పాఠములును ఆయన చెప్పినవే. శిష్యుడు అరుగుమీదను, గురువు గుమ్మమువద్దను ఉన్న పాఠశాల మాది. ఆ సాయంకాలము కుర్చీవేసి, ‘కూర్చుండుడు’ అని తొలిసారి బహువచనమున పిలువగా ఆయన మిక్కిలి తొట్రుపడెను. ఆయన కుమారులు ఈ పనిలోనికి రాలేదు. చెట్టెక్కి మొవ్వును చూచి రోగము చెప్పగల ఆ తెలివి ఆయనతోనే పోవునేమోయని మాకు దిగులు.

సభాసదులారా, ఇది కులసంఘసభ. మనవారి విద్యకై, వసతిగృహములకై, వేతనములకై పోషకులు ధనమిచ్చుచున్నారు. అది శ్లాఘ్యమే. కాని యొక సంఘము తనవారి మాటనే వినుచు, తన గ్రంథములనే వల్లించుచుండిన, మా పెరటిలో వేళ్లు పెనవేసికొన్న పండ్రెండు చెట్ల గతి దానికి పట్టును. కావున మేమొక చిన్న కోరిక కోరుచున్నాము. మన విద్యార్థివసతిగృహము వెనుకనున్న ఖాళీస్థలమున పిల్లలచేత ఒక కూరగాయలతోట వేయింపుడు. దానికి ఉపాధ్యాయునిగా నేలపనిలో చేయి తిరిగిన పెద్దనొకరిని, ఏ కులమువారైన సరే, తగిన వేతనముతో నియమింపుడు. ఆయనకు పిల్లలు లేచి నమస్కరించునట్లు చూడుడు. మొదటి యేటి విత్తనములు, బచ్చలికాడలు, కందపిలకలు మా పెరటినుండి మేము తెచ్చియిచ్చెదము.

మొక్క నాటునపుడు చెట్టును చూచుడు. నీరు పెట్టకముందు నీరు పోవు దారి చూచుడు. మందు కొట్టకముందు ఆకు వెనుకకు తిప్పి చూచుడు. తెలిసినవారిని అడుగుడు, అడిగినపుడు వారిని కూర్చుండబెట్టి యడుగుడు. ఎనిమిదేండ్లలో మేము నేర్చినది ఇంతియే. 

స్వస్తి.